నా కళ్ళ మీద పరిశోధన

పుట్టినప్పటి నుంచీ నా కంటిపాపలు ఒకచోట నిలబడవు. గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. నాకు లోకం ఊగదు. చూసేవాళ్లకే నేను ఊగినట్టు ఉంటుంది. రొంపిచెర్లలో మా వీధివాళ్లు మాత్రం దాన్ని కన్ను అదరడం కింద జమకట్టారు. నరసరావుపేట కోర్టులో వాయిదా ఉన్నవాళ్లు మా గుమ్మం ముందు ఆగి, "ఇయ్యాల ఏ కన్ను ఎక్కువ అదురుతుందే పిల్లా?" అని అడిగేవాళ్లు. దావా ఓడిపోతే తిరుగు దోవలో నన్ను తిట్టేవాళ్లు. అందులో ఒక పెద్దమనిషి తిట్టిన తిట్టు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. ఇక్కడ రాయదగ్గది కాదు.

ముఖం కుడిపక్కకు తిప్పి కళ్ళ ఎడమ కొసల్లోంచి చూస్తే నా పాపలు దాదాపు ఆగిపోతాయి. అక్షరం తేటగా కనిపిస్తుంది. బళ్ళో పంతులు దాన్ని పొగరన్నాడు. "ఎదురుగా చూస్తే నీ సొమ్మేం పోయిద్దే?" అని చెవి మెలేసేవాడు. చెవి ఆయన చేతిలో ఉండగానే ముఖం తిప్పి చదివాను. ఎనిమిదో తరగతి గట్టెక్కాను.

యుద్ధం రోజుల్లో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాను. ట్రైనింగు బడి నడిపే దొరసానమ్మ నన్ను చూసి, చదవగలదని కంటి డాక్టరు చీటీ రాసిస్తేనే సీటు అన్నది. అప్పటికి మా నాయన లేడు. మేనత్త సాకుతోంది. సీటు రాకపోతే అత్త వెంట మిరపకోతలకు పోవడమే.

అత్త నన్ను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడొక డాక్టరు మద్రాసులో చదివి వచ్చి, కళ్ళు ఊగే జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ జబ్బును నిస్టాగ్మస్ అంటారని ఆయనే చెప్పాడు. నా కళ్ళు చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. నన్ను చూసి అంత సంతోషపడ్డ మనిషి అంతకు ముందు లేడు. నాకప్పుడే అనుమానం రావలసింది.

"కొన్నాళ్లు ఇక్కడే ఉండమ్మాయీ. పరీక్షలయ్యాక చీటీ ఇస్తాను" అన్నాడు.

తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి నా నుదుటిని తోలు పట్టీతో వెనక చెక్కకు బిగించారు. నా కళ్ళెదుట నలుపూ తెలుపూ చారలున్న పెద్ద డోలును తిప్పారు. కుర్చీనీ గిరగిరా తిప్పి టక్కున ఆపి, డాక్టరు భూతద్దంతో నా కళ్ళలోకి చూసేవాడు. నాకు వాంతి వస్తే గిన్నె పట్టింది అత్త. ఆయన రాసుకుంటూనే ఉన్నాడు.

చివరికి పట్టీ విప్పకుండానే అక్షరాల అట్ట చూపించి చదవమన్నాడు. చదవలేకపోయాను. చదవలేదనే చీటీ రాస్తానన్నాడు.

"నా తల వదలండి. కుడిపక్కకు తిప్పితే కళ్ళు ఆగుతాయి" అన్నాను.

"తెలుసు. ఈ జబ్బున్నవాళ్లు చాలామంది అలాగే తిప్పుతారు. అందుకే కట్టించాను. ఆగిన కళ్ళతో నాకేం పని?"

అత్త ఊరుకోలేదు. "పిల్లకు ఆగిన కళ్ళతోనే గదయ్యా పని! చీటీ ఎవరికి రాస్తన్నావు, దీనికా, నీ డోలుకా?"

"పరీక్షకు ఒక పద్ధతుంటుందమ్మా. తల నిటారుగా ఉండాలి" అని ఆయన గదిలోంచి వెళ్లిపోయాడు.

మర్నాడు నా కళ్ళు చూడటానికి బయటి ఊళ్ల నుంచి పెద్ద డాక్టర్లు వచ్చారు. శుభ్రంగా తల దువ్వి తీసుకురమ్మని మా డాక్టరు అత్తకు కబురు చేశాడు. పట్టీ బిగించి, ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడి, డోలు తిప్పమన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరువు."

"చీటీ."

"తర్వాత మాట్లాడదాం."

"తర్వాత మీరు కనపడరు."

ఆయన వేలితో రెప్ప ఎత్తబోయాడు. ఇంకా గట్టిగా బిగించాను. గుమ్మం దగ్గర్నుంచి అత్త, "అది వాళ్ల నాయన మాటే వినలా. నీ మాట ఇనిద్దా?" అన్నది. వచ్చినవాళ్లలో ఎవరో నవ్వారు. నా మొండితనానికి లొంగని మనిషి ఆ నవ్వుకు లొంగాడు. చీటీ రాసి అత్త చేతిలో పెట్టాడు.

అత్తకు చదువు రాదు. అందులో ఏముందో నేనే చూడాలని పట్టీ విప్పించుకున్నాను. ముఖం కుడికి తిప్పి, అందరికీ వినపడేట్టు చదివాను. కష్టం మీద చదవగలదని ఇంగ్లీషులో రాశాడు.

"ఇప్పుడు కష్టపడ్డానా?" అని అడిగాను.

ఆయన కలం తీసి 'కష్టం మీద' అన్న మాట కొట్టేశాడు. చదివినంతసేపూ నా కళ్ళు నిలబడే ఉన్నాయి. ఆ నిలబడ్డ కళ్ళను భూతద్దం పెట్టి చూసినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. మళ్ళీ పట్టీ కట్టించుకుని, బేరం ప్రకారం కళ్ళు తెరిచి కూర్చున్నాను. వాళ్లు కావలసినంతసేపు చూసుకున్నారు.

ఆ చీటీతో సీటు వచ్చింది. ముఖం తిప్పే అవసరం లేకుండా బోర్డు ఎడమపక్కకు పడేట్టు కుడిచివర బెంచీ అడిగి తీసుకున్నాను.

ఆ రోజు ఆసుపత్రిలో కుర్చీ దిగుతున్నప్పుడు ఆ డాక్టరు మెల్లగా, "పెద్దవాళ్ల ముందు అలా ప్రవర్తించకూడదమ్మాయీ" అన్నాడు. చానా ఏళ్ల తర్వాత ఆయన పోయాడని విన్నాను. పాపం అని చుట్టూ అందరూ అన్నారు. నేను అనలేదు.