గట్టు మీద పులిహోర పొట్లాలు

ఆ వరదకి గోదావరి మా లంకను పూర్తిగా ముంచేసింది. నేనూ, మా ఆయనా, అత్తగారూ, మా అమ్మాయీ ఏటిగట్టు మీద ఒక టార్పాలిన్ బరకం కింద చేరాం. ఫోన్లలో ఛార్జింగు అయిపోయింది. పక్క బరకం మా పొరుగింటావిడది. చుట్టం కాకపోయినా పదేళ్లుగా వదినా అని పిలుస్తున్నాను. ఆవిడ వెంట మంచం పట్టిన మామగారు ఉన్నారు.

మొదటి రోజు ఎవరూ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రాక్టరు వచ్చింది. చుట్టూ మూగిన జనాన్ని చూసి జడిసి, పైనున్నవాళ్లు పులిహోర పొట్లాలు విసరడం మొదలుపెట్టారు. అంతే, గట్టు గట్టంతా మీద పడింది. ఒకాయన పడవ గెడకర్రతో పక్కవాడి తల పగలగొట్టాడు. ఎవరో ముసలామె కింద పడితే ఆవిడ వీపు మీద కాలు వేసి ముందుకు వెళ్లాను. కాలి కింద ఎముకలు తెలిశాయి. అయినా ఆగలేదు. బురదలో ఒక పొట్లం మీద నా చెయ్యీ, వదిన చెయ్యీ ఒకేసారి పడ్డాయి. ఆవిడ వదల్లేదు. వంగి ఆవిడ మణికట్టు కొరికాను. చర్మం తెగి నా నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చాక గానీ ఆవిడ వేళ్లు విడవలేదు.

నా కొంగులో తొమ్మిది పొట్లాలు. మేం నలుగురం. తలా ఒకటీ తిన్నాక మిగిలిన ఐదూ ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టి, మూత బిగించి, దాని మీదే కూర్చున్నాను. పక్క బరకంలో ముసలాయన ఆకలికి మూలుగుతూనే ఉన్నారు. ఒకటి ఇచ్చి రమ్మన్నారు అత్తగారు. రేపు ఎవరూ రాకపోతే మనమేం తింటామని కసిరాను. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో పెరిగాను. ఆలస్యంగా వచ్చినవాళ్లకి అక్కడ గంజే మిగిలేది.

పొద్దున మూత తీస్తే బురదనీళ్లు దిగి ఐదూ పాచిపోయి ఉన్నాయి. ఏట్లోకి విసిరేశాను.

అప్పుడే ఆసుపత్రి నర్సమ్మ మందుల పెట్టెతో పడవలో వచ్చింది. వదిన చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఏం కరిచిందని నర్సమ్మ అడిగితే, "కుక్కండి" అంది. వెనకాల నేనున్నానని ఆవిడకి తెలుసు. కుక్కకాటైతే వరసగా సూదులు వేయించుకోవాలంటూ నర్సమ్మ పెట్టె తెరిచింది.

"కుక్క కాదండి," అన్నాను. "నేనే కరిచాను."

నర్సమ్మ చేతిలో దూది ఆగిపోయింది. వదిన తల తిప్పకుండానే చెప్పింది. "ఆయ్, ఈవిడేనండి. పొట్లం కోసం. మా మావగారు రాత్రి పస్తున్నారు."

ఆవిడ నన్ను రెండు చెంపలూ వాయించినా బాగుండుననిపించింది.

మధ్యాహ్నం మళ్లీ ట్రాక్టరు వచ్చింది. జనం లేచారు. నా కాళ్లు కూడా వాటంతటవే లేచాయి. గెడకర్ర ఆయన అప్పటికే కర్ర ఎత్తాడు. నేను ట్రాక్టరు చక్రం మీదికెక్కి, చేతులు చాపి, కూర్చోమని అరిచాను. ఎవరిదో మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. ఇంకెవరో జుట్టు పట్టి లాగారు.

"కూర్చోండి. కూర్చుంటే అందరికీ వస్తాయి."

వస్తాయో రావో నాకే తెలియదు. వస్తాయని నమ్మి నిలబడాలని మాత్రం నిశ్చయించుకున్నాను.

మొదట కూర్చున్నది మా అత్తగారు. తరవాత వదిన, కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆపైన ఒక్కొక్కరే బంతిభోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు. గెడకర్ర ఆయన ఇద్దర్ని తన్ని రెండు పొట్లాలు లాక్కుపోయాడు. అతని వెనక ఎవరూ పరిగెత్తలేదు. నేను మొదటి పొట్లం వదినకి అందించాను. ఆవిడ నా చేతిలోంచి తీసుకోలేదు, పక్కావిడ చేత ఇప్పించుకుంది. ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

వరస చివరికి వచ్చేసరికి ట్రాక్టరులో ఇంకా బుట్టెడు పొట్లాలున్నాయి. ఎవరికైనా కావాలా అని డ్రైవరు అడిగాడు. కొన్ని చేతులు లేవబోయి ఆగాయి.

"కింది ఊరోళ్లకి ఇంకా అందలేదంటండి. అటు పట్టుకెళ్లండి," అన్నారు అత్తగారు.

ట్రాక్టరు బురదలో కూరుకుంటూ, లేస్తూ అటు వెళ్లింది. నా పొట్లం విప్పుకున్నాను. చిట్లిన పెదవికి చింతపండు పులుపు తగిలి కళ్ల నీళ్లు తిరిగాయి.