ఏకాంబరం ముడి, నియాజ్ కత్తెర

నియాజ్ కంప్యూటర్ ముందు నిద్రపోయాడని, అందుకే ఆ సినిమాలో ఏకాంబరం తెగిన పోగు పట్టుకుని అంతసేపు ఉండిపోయాడని నగరి మగ్గాల వీధిలో చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఏకాంబరం పెండ్లాం ఉదయలక్ష్మికి తెలుసు, తగువు మొదలైంది ఆమె వసారాలోనే.

నియాజ్ బస్టాండు పక్కన పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే మనిషి. అతని చేతిలో ఏ దృశ్యమూ మూడు సెకన్లకు మించి నిలవదు. తాళి కట్టేది మాత్రం మూడుసార్లు తిప్పి చూపిస్తాడు. తిరుపతి నుంచి బాలచంద్ర అనే అతను వచ్చి ఏకాంబరం మరమగ్గం మీద చిన్న సినిమా తీసి, ఎడిటింగ్ ఇతనికి అప్పగించాడు. ఇన్ని పెళ్లిళ్లు చేసినా నియాజ్ పేరు తెర మీద పడటం ఇదే మొదలు. తల్లి బీబీజాన్ అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

నియాజ్ మొదట దాన్ని ఏకాంబరం వసారాలో ల్యాప్‌టాప్‌లో చూపించాడు. పోగు తెగింది, మగ్గం ఆగింది, ఏకాంబరం ఐదు సెకన్లలో ముడివేశాడు. ఊపు తగ్గకూడదని నియాజ్ మగ్గం చప్పుడును ముడి పడకముందే మొదలయ్యేట్టు జరిపాడు. పెళ్లిళ్లలో మేళాన్ని అట్లాగే జరుపుతాడు.

ఏకాంబరం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నా చెయ్యింకా పోగు మీదే ఉండాది. మగ్గం ఆడతా ఉండాది. నా వేళ్లు యాడికి పోయినాయప్పా?"

"ఐదు సెకన్లలో ముడేసే మనిషైతే, పక్కన నిలబడి నేను సెల్లు లైటు ఎందుకు పట్టుకుంటా నాయనా? చూపు ఆనక మూడుసార్లు జారిపోతాది ఆయనకు" అంది ఉదయలక్ష్మి.

నియాజ్ వెళ్లి నాలుగు రోజులు ఆ ముడి దగ్గరే కూర్చున్నాడు. చప్పుడును ముడి పడిన తర్వాతికి నెట్టాడు. ముడిని ఇరవై సెకన్లు ఉంచి చూశాడు. విసుగు పుట్టింది. నలభై ఉంచాడు. ముప్పై దాటేసరికి విసుగు పోయి, ముడి పడుతుందా లేదా అని కంగారు మొదలైంది.

ఆ నలభై సెకన్లు చూసి బాలచంద్ర ఫోన్ చేశాడు. "జనం లేచిపోతారన్నా. తొలి ఆటలో ఒక్కరు బయటికి పోయినా, తర్వాతి ఆటల్లో నీ పేరుండదు."

"ఎవురన్నా పోతే నా పేరు తీసెయ్" అన్నాడు నియాజ్. ఆ మాట బీబీజాన్‌కు చెప్పలేదు.

తిరుపతిలో ఆట రోజు ఉదయలక్ష్మి తెరను కాకుండా జనాన్ని చూస్తూ కూర్చుంది. మగ్గం ఆగింది. "సౌండు పోయిందబ్బా" అన్నారెవరో. మూడో వరుసలో ఒకాయన లేచాడు. బాలచంద్ర ఆయన వైపే చూస్తున్నాడు. తెర మీద పోగు మళ్లీ జారింది. ఆయన మోకాళ్లు వంచుకుని అట్లాగే నిలబడిపోయాడు. ముడి పడింది, మగ్గం దడదడమంది, ఆయన కూర్చున్నాడు.

సగం లేచిన మనిషిని ఎట్లా లెక్కేయాలో బాలచంద్రకు కొంచెంసేపు తోచలేదు. ఆట అయ్యాక వచ్చి, "పోలేదు గదా. పేరు ఉండనీలే" అన్నాడు.

పక్కనే ఏకాంబరం నలుగురికీ చెబుతున్నాడు. "మా నియాజు నా ముడిని ముట్టుకోనేలేదు. ఉన్నది ఉన్నట్టే పెట్టినాడు."

తిరుగు బస్సు వడమాలపేట దాటింది. ఏకాంబరం కిటికీకి ఆనుకుని నిద్రపోయాడు. ఉదయలక్ష్మి వెనక సీటు వైపు తిరిగింది.

"నిజం చెప్పు నియాజూ. ఆ ముడి దగ్గర నువ్వు కత్తెర పెట్టనేలేదా?"

నియాజ్ ఒకసారి ఏకాంబరం వైపు చూశాడు.

"దానికి యాభైమూడు సెకన్లు పట్టినాదత్తా. పదమూడు కోసేసినా. మామకు మాత్రం చెప్పొద్దు."