నాటకానికి రాని దేవదూత

ముగ్గురు గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు, ఒక దేవదూత. ఆ క్రిస్మస్ సాయంత్రం నా నాటకానికి మొత్తం ఏడుగురు నటులు లేకుండా పోయారు!

హైటెక్ సిటీ చుట్టూ భవనాలు లేస్తున్న తొంభైల చివరి రోజులవి. నేను సైటులో సిమెంటు, ఇనుము లెక్కలు చూసేవాణ్ణి. కొత్తగూడలోని మా చిన్న చర్చి సంఘం కోసం మొదటిసారి నాటకం రాశాను. నటులంతా మా సైటు కూలీలే. మిక్సరు మొరాయించి శ్లాబు ఆలస్యమైంది. మొదలుపెట్టిన శ్లాబును మధ్యలో వదలకూడదు కాబట్టి వాళ్ళు రాలేకపోయారు.

తెర తీసేశారు. వేదికపై నేనొక్కణ్ణే.

"ఏంది సారూ, గొర్లన్నా రాలేదా?" అంది ముందు కూర్చున్న శాంతమ్మవ్వ. అందరూ నవ్వారు.

"కాపరులు శ్లాబు మీదున్నారవ్వా!" అనేశాను. "దేవదూత అక్కడికే వెళ్ళి, రక్షకుడు పుట్టాడని చెప్పాడు. పని ఆపలేమన్నారు వాళ్ళు. అయితే త్వరగా ముగిద్దామని ఆయనే తట్ట ఎత్తుకున్నాడు!"

ఇక కథ ఆగలేదు. ఆ కూలీల భార్యలు చప్పట్లు కొట్టారు. దేవుడు నాకు లెక్కలే కాదు, కథ చెప్పే నేర్పూ ఇచ్చాడని ఆ క్షణమే తెలిసింది.

"మరి దేవదూతకు కూలి ఎవరిచ్చిన్రు?" అంది అవ్వ.

ఆ కూలి తీర్చాలనే ఏటా ఒక కథ రాస్తున్నాను. బాకీ మాత్రం నేటికీ అంతే ఉంది: ఒక పూట కూలి.