మైకు ఓబుళేశు, రోజుకొక మాట

ఆలూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో బండలాగుడు పోటీలు జరిగినా మైకు ఓబుళేశుదే. ఎడ్ల జత బరువైన బండను ఈడ్చుకుంటూ పోతుంటే వాటికంటే ముందు ఆయన గొంతు పరిగెత్తేది. ఇరవై రెండేళ్ళుగా అదే గొంతు. నాలుగెకరాల మెట్ట చేను, ఒక పాడి ఎనుము, భార్య నాగలక్ష్మమ్మ, కర్నూలు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కూతురు మధులత. ఇదీ ఆయన సంసారం. చేను వాన పడితే పండేది, పడకపోతే ఎండేది. మైకు చేతికొచ్చిందా, ఐదో తరగతితో బడి మానేసిన ఓబుళేశు మహారాజే.

అట్లాంటి మహారాజుకు కడప నుంచి గండం వచ్చింది. దాని పేరు భూపేష్. డిగ్రీ చదివిన కుర్రవాడు, నోరు తెరిస్తే గడగడా పుస్తకం చదివినట్టే. పక్క ఊరి తిరునాళ్ళలో అతను మాట్లాడిన వీడియో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. అది చూశాక మన ఊరి పోటీల కమిటీ పెద్ద ప్రేమయ్యకు ఓబుళేశు మాటలు చప్పబడ్డాయి. ఎంతసేపూ సూపర్, అదిరింది, ఇంతేనా అన్నాడు. ఈసారి పోటీలకు ఇద్దరినీ పిలుస్తామనీ, ఎవరు బాగా చెబితే వచ్చే ఏటి నుంచి మైకు వాళ్ళదేననీ తేల్చేశాడు.

ఓబుళేశు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మైకు పోతే ఊళ్ళో తనెవరు? ఇంట్లో చెప్పుకోలేక కూతురికి ఫోన్ చేసి బాధంతా వెళ్ళబోసుకున్నాడు. మధులత నవ్వలేదు. రోజూ పొద్దున్నే ఒక కొత్త మాట, దాని అర్థం పంపిస్తానంది. పొద్దుగూకేలోగా ఆ మాటను మూడుసార్లు వాడాలి, వాడకపోతే మర్నాడు ఇంకో మాట రాదు. పంతులమ్మ లక్షణాలు ఆ పిల్లకు పుట్టుకతోనే ఉన్నాయి.

ఇక చూడండి మా అవస్థ. ‘అమోఘం’ వచ్చిన రోజు పొద్దున తిన్న ఉగ్గాని అమోఘం, టీ అమోఘం, చివరకు ఎనుము తోక విదిల్చినా అమోఘమే. ‘నిర్విరామం’ వచ్చిన రోజు బస్సెక్కి, నిర్విరామంగా టికెట్లు కొడ్తాండావే అని కండక్టరును పలకరించాడు. అది పొగడ్తో తిట్టో తేలక కండక్టరు పక్క సీట్లో కూర్చున్న మనిషి ముఖం చూశాడు. ‘ఉత్కంఠ’ వచ్చిన రోజు సంగతి మరీ ఘోరం. శానా ఉత్కంఠగా ఉండాదని నాగలక్ష్మమ్మతో అన్నాడు. ఆ ఇల్లాలికి అందులో కంఠం అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. మిరియాల కషాయం కాచి తెచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది. తాగి, ఇంకా ఉత్కంఠగానే ఉండాదన్నాడు. మూడుసార్లు వాడాలి కదా మరి! రెండో గ్లాసు వచ్చింది. దాన్నీ గుటకేసి, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా మూడోసారి కూడా అనేసి చేనుకు పారిపోయాడు.

ఎగతాళికేం గానీ, ఆయనకు మాటల రుచి తగులుకుంది. గట్టుమీద ముళ్ళకంపలు కొడుతూ ఆ రోజు మాటను నోట్లో బెల్లం ముక్కలా చప్పరించేవాడు. ఇన్నేళ్ళూ ఇవన్నీ యాడ దాక్కున్నాయో అనుకుని తనలో తనే మురిసిపోయేవాడు. మైకు భయం పూర్తిగా పోలేదు కానీ, తెల్లారితే ఇంకో మాట వస్తుందన్న సంబరం దాన్ని తొక్కేసింది. అట్లా నలభై మూడు రోజులకు నలభై మూడు మాటలయ్యాయి.

సరిగ్గా పోటీల రోజు పొద్దున ఫోన్ చూసుకుంటే మాట లేదు. పరీక్షలని హాస్టల్లో పిల్లల ఫోన్లన్నీ తీసి పెట్టుకున్నారు. ఇన్నాళ్ళు తప్పని నేమం ఈ రోజే తప్పిపోతుందా? తప్పనివ్వకూడదనుకున్నాడు. టీ కొట్టు గోడమీద పోటీల పోస్టరు కనిపించింది. అందులో బహుమతుల దగ్గర పెద్ద అక్షరాల్లో ఒక మాట: కీర్తిశేషులు. మొదటి బహుమతి దగ్గరున్న పేరు ముందు అదే, రెండో దాని ముందు అదే, మూడో దాని ముందూ అదే. అవన్నీ పోయిన పెద్దల జ్ఞాపకార్థం కొడుకులు ఇచ్చేవి. ఆ సంగతి కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఓబుళేశు అంత కిందికి దిగలేదు. పాత పోస్టర్లలో కీ.శే. అని పొట్టిగా ఉండేది. అదేదో ఇంటిపేరనుకుని దాటేసేవాడు. అందరి ఇంటిపేరూ ఒకటే ఎందుకుందని ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

కీర్తి అంటే ఆయనకు తెలుసు. శేషుడంటే ఆదిశేషుడు, వెయ్యి తలలవాడు. అయితే వెయ్యి తలలంత కీర్తి గలవాళ్ళన్నమాట! మళ్ళీ చదివాడు. నాలుగో బహుమతి ఇచ్చే నారాయణప్ప పేరు ముందు ఉత్త ‘శ్రీ’ ఉంది. ఎనభై రెండేళ్ళ పెద్ద రైతు, ఊరికి పెద్ద దిక్కు. అందరికీ అంత బిరుదిచ్చి ఆయనకు ఎగ్గొడతారా? ఓబుళేశుకు ఒళ్ళు మండింది. ఈ రోజు మాట ఇదే, మూడుసార్లూ నారాయణప్పకే అని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

మధ్యాహ్నం మైదానం కిటకిటలాడింది. ముందు భూపేష్ మాట్లాడాడు, బాగానే మాట్లాడాడు. తర్వాత మైకు ఓబుళేశు చేతికొచ్చింది. గొంతు సవరించుకుని, మన ఊరి పెద్ద దిక్కు కీర్తిశేషులు నారాయణప్పగారు అని అందుకున్నాడు. ముందు వరసలో మజ్జిగ తాగుతున్న నారాయణప్పకు పొరబోయింది. మైదానమంతా గప్‌చిప్. తన మాటకు జనం నోట మాట రావడం లేదనుకుని ఓబుళేశు ఇంకా గట్టిగా రెండోసారి అన్నాడు. మూడోసారికి, వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ నారాయణప్ప ఎప్పుడు పోయినాడోనని శోకం అందుకుంది. భూపేష్ పరుగున వచ్చి చెవిలో చెప్పాడు.

“అన్నా, ఆ మాట సచ్చిపోయినోళ్ళకు అంటారు.”

ఓబుళేశు మైకు దించేశాడు. నేర్చుకున్న నలభై మూడు మాటలూ ఎటు పోయాయో పోయాయి. మైకు పోవడం సరే, నిండు సభలో బతికున్న పెద్దమనిషిని చంపేశాను కదా అని సిగ్గుతో చచ్చిపోయాడు. ప్రేమయ్య మైకు లాక్కోవడానికి లేచాడు. అంతలో నారాయణప్ప మజ్జిగ గ్లాసు కింద పెట్టి చెయ్యెత్తాడు.

“కూచో ప్రేమయ్యా. ఓబుళేశూ, ఆపినావేమప్పా? నేను సచ్చినాక మీరు చెప్పేది నాకు యాడ ఇనపడతాది? ఈపొద్దే చెప్పు, ఇంటాను.”

జనం గొల్లుమన్నారు. ఓబుళేశు నవ్వలేదు. అర్థం తెలియక అన్నానని దండం పెట్టి, తెలిసింది చెబుతానన్నాడు. ఈసారి కొత్త మాట ఒక్కటీ వెతుక్కోలేదు. తన చిన్నప్పటి కరువు ఏడాది సంగతి ఎత్తుకున్నాడు. ఊళ్ళో మేత లేక అందరూ ఎద్దుల్ని కసాయివాళ్ళకు తోలుతున్నారు. తన తండ్రి కూడా పగ్గాలు చేతపట్టుకుని వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. ఆ పొద్దు నారాయణప్ప తన జొన్నచొప్ప వామి చుట్టూ వేసిన ముళ్ళకంప తీసేసి, ఎవరికి కావలసింది వాళ్ళు మోసుకుపొమ్మన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు, తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. “మా నాయన ఎద్దులు ఆ చొప్పతోనే బతికినాయి. మేమూ వాటితోనే బతికినాం,” అన్నాడు ఓబుళేశు. మైదానంలో ఎవరో మావి గూడా అన్నారు. ఇంకొకరు అన్నారు, మరొకరు అన్నారు. పగ్గాలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళు ఒక్కొక్కరే చెయ్యెత్తారు.

నారాయణప్ప తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంగతి ఊరు ఎప్పుడో మర్చిపోయిందనుకున్నాడు పాపం ఆయన. మెల్లగా వేదిక ఎక్కి మైకు అడిగి తీసుకుని, ప్రేమయ్య వైపు తిరిగాడు.

“ఈ మైకు ఇంకెవురికీ ఇయ్యొద్దు. నేను నిజ్జంగా పోయిన పొద్దు గూడా ఈయప్పే చెప్పల్ల.”

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది భూపేష్. ప్రేమయ్య సరేనని తలూపాడు. ఓబుళేశు ఏడుస్తూ, నవ్వుతూ మైకు అందుకుని మొదటి జతను పిలిచాడు.