గుర్రబ్బండి సీటు కింద మొదటి పేరు

జూన్‌లో ఒక శనివారం ఉదయం ఏడింటికి జియోకాషింగ్‌కని ఒమాహాలో బయల్దేరాం, నేనూ శ్రీధరూ. ఎం.సి.ఎ. నుంచీ స్నేహితులం. ఒకే ఏడు గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశాం. వాడి కంపెనీ ఈబీ టూ అనే కేటగిరీలో వేసింది, నా కంపెనీ ఈబీ త్రీలో వేసింది. వాడి వరస తొందరగా కదిలింది, నాది కదిలితే ఒట్టు. 2012 మేలో వాడి కార్డు వచ్చేసింది. కంగ్రాట్స్ చెప్పి ఇంటికొచ్చాను గానీ కడుపు మండిపోయింది.

జియోకాషింగ్ తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఎవరో ఒక డబ్బా దాచి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైట్‌లో పెడతారు. మనం జీపీఎస్ పట్టుకుని వెతికి, లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేయాలి. కొత్త డబ్బాలో మొదటి పేరు రాయడం గొప్ప. ఆ గొప్ప ఎప్పుడూ శ్రీధర్‌దే. ఈసారైనా నా పేరు పడాలని పంతం పట్టాను.

ఐ-ఎయిటీ హైవే మీద పడమరగా వెళ్ళాం. లింకన్ దాటాక కాఫీకి ఆగాం, డబ్బులు వాడే ఇచ్చాడు, అదీ నచ్చలేదు నాకు. తొమ్మిదిన్నరకి ఊరు వచ్చింది. ఒకటే వీధి, చివర తొలి వలసదారుల పయనీర్ మ్యూజియం. పదింటికి గానీ తెరవరు. డబ్బా మాత్రం దాని పెరట్లోనే ఉందని జీపీఎస్ చెప్పింది.

శ్రీధర్ ముందు వెళ్ళి, అక్కడున్న పాత గుర్రబ్బండి చుట్టూ తిరిగొచ్చి, ఏమీ కనబడలేదంటూ మెట్ల మీద కూలబడ్డాడు. నేను కంచె, నీళ్ళ పంపు, కట్టెల మోపు అన్నీ వెతికి చివరికి బండి సీటు కింద చెయ్యి పెట్టాను. తగిలింది! కాగితం తెల్లగా ఉంది. పేరు పెద్దక్షరాలతో రాసి డబ్బా మళ్ళీ అక్కడే పెట్టేశాను.

పదింటికి తలుపు తీశాక లోపలికెళ్ళాం. టిక్కెట్ లేదు, హుండీలో ఐదు డాలర్లు వేశాం. మార్గరెట్ అనే పెద్దావిడ తిప్పి చూపించింది. ఇనప పొయ్యి, ఉయ్యాల, గోడ మీద స్వీడన్ నుంచి వచ్చిన ఒకాయన భూమి పట్టా. ఐదేళ్ళు ఉండి సాగు చేస్తే నూట అరవై ఎకరాలు సొంతమట. ఐదేళ్ళే! లాయర్ లేడు, వరసలో వంతు తేల్చే ప్రయారిటీ డేట్ లేదు. ఆ నేల అంతకుముందు ఎవరిదో పట్టాలో లేదు. మిడతలతో, మంచుతో పాట్లు పడ్డారులే, కాదనను. అయినా ఎప్పుడో పోయిన మనిషి మీద కూడా కుళ్ళొచ్చింది నాకు.

శ్రీధర్ అవతల గదిలో ఫోటోలు తీసుకుంటున్నాడు. డబ్బా దొరికిందా అని మార్గరెట్ అడిగితే, నేనే ఫస్ట్ అన్నాను.

"మీ ఫ్రెండ్‌కి ముందే దొరికిందిగా" అందావిడ. "కిటికీలోంచి చూశాను. మూత తీసి, మళ్ళీ మూసి, అక్కడే పెట్టేశాడు. పెన్ లేదేమో అనుకున్నా."

పన్నెండింటికి కార్‌లోనే పులిహోర తిని తిరుగుముఖం పట్టాం. నేనే డ్రైవ్ చేశాను. లింకన్ దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"చూసి కూడా ఎందుకు రాయలేదురా?"

వాడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "నెల నుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. కార్డ్ అయితే ఇవ్వలేను కదరా."

ఆ మ్యూజియం మీరూ చూడండి, గంటన్నర చాలు. కార్డు వాడికి ముందు రావడం అదృష్టమని సరిపెట్టుకోవచ్చు. వాడి స్థానంలో నేనుంటే మాత్రం మూత తీసిన మరుక్షణం నా పేరు రాసేసుకునేవాణ్ణి. అది తెలిశాక వాడి మీద కుళ్ళు ఇంకా పెరిగింది.