ఆ ఫైల్లో ఒక్క లైను

కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ ఒక్కటే అయినా దాన్ని తలా ఒక రకంగా సర్ది, తలా ఒక పేరు పెట్టి ఇస్తారు. ఆ రకాలనే డిస్ట్రోలు అంటాం. ఒకదానికి పనికొచ్చే ఫైలు ఇంకోదాన్ని పాడుచేస్తుంది కాబట్టి, ప్రోగ్రాం ముందుగా తానెక్కడ ఉందో తెలుసుకోవాలి. నేను ఎడిన్‌బర్గ్‌లో ఒక చిన్న కంపెనీకి బ్యాకప్ ప్రోగ్రాం రాసిన రోజుల్లో, అంటే 2004 ప్రాంతంలో, దీనికి అందరూ పాటించే పద్ధతంటూ లేదు. ఒక్కో డిస్ట్రో తన పేరును ఒక్కో ఫైల్లో ఒక లైనుగా రాసి పెట్టుకునేది. నా ప్రోగ్రాం ఆ ఫైలు తెరిచి, అందులో ఏముంటే అది నమ్మేది. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

అంతకు రెండేళ్ల ముందు, లండన్ వెంబ్లీలో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న కడప మిత్రుడికి న్యూకాసిల్‌లో ఉద్యోగం వచ్చింది. కిటికీలు తయారుచేసే కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడు. నాకంటే ఏడాది చిన్న, అన్నా అని పిలిచేవాడు. ఒకరోజు ఫోన్ చేసి, కంపెనీ కొన్న డేటాబేస్ ఇది తనకు తెలిసిన డిస్ట్రో కాదని మొరాయిస్తోందని, సాయంత్రానికల్లా మేనేజర్‌కి చూపించాలని గోల పెట్టాడు. దానికి కావలసిన పేరుతో ఆ ఫైలేదో నువ్వే పెట్టి ఒక్క లైను రాసెయ్యి, నోరు మూసుకుని ఎక్కుతుంది అన్నాను. ఎక్కింది. ఇద్దరం ఫోన్లోనే తెగ నవ్వుకున్నాం. తర్వాత దాన్ని తీసెయ్యమని నేను చెప్పలేదు, అతనికీ తోచలేదు.

మా బ్యాకప్ ప్రోగ్రాంను వాళ్ల కంపెనీ చేత కొనిపించింది అతనే. మా అన్న రాసింది అని మేనేజర్‌కి గొప్పగా చెప్పాడట. శుక్రవారం ఎక్కించారు. సోమవారం పొద్దున మెషీన్ లేవలేదు. నా ప్రోగ్రాం ఆ లైను చదివి, అది వేరే డిస్ట్రో అనుకుని, ఈ మెషీన్‌కి సరిపడని డ్రైవరు, అంటే డిస్క్‌ను నడిపే ఫైలు, తెచ్చి పెట్టింది. మూడు రోజుల ఆర్డర్లు పోయాయి.

కారణం రాసివ్వమని మా మేనేజర్ నన్నే అడిగాడు. ప్రోగ్రాం తాను చేసిందంతా రాసుకునే లాగ్ తెరవగానే ఆ లైను కనిపించింది, అక్షరం పొల్లు పోకుండా నేను చెప్పిందే. వెంటనే దాన్ని మూసేశాను. నా వర్క్ పర్మిట్ కూడా కంపెనీ చేతిలోనే ఉంది మరి. "కస్టమర్ వైపు వాళ్లు ఆ ఫైలును మార్చారు" అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరు మార్చమన్నారో మాత్రం రాయలేదు. ఆ కాగితం పట్టుకుని వాళ్లు అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఉద్యోగంతో పాటు పర్మిట్ పోయింది, కొన్ని వారాల్లో దేశం విడిచి వెళ్లాలి.

శనివారం న్యూకాసిల్ వెళ్లాను. సోమవారం వాళ్ల మేనేజర్‌కి నేనే ఫోన్ చేసి అంతా ఒప్పుకుంటానని అతనితో చెప్పాలని రైల్లో మాటలు పేర్చుకున్నాను. ఫ్లాట్ నిండా అట్టపెట్టెలు. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసే అతని భార్య, వచ్చే వారం డ్యూటీల రోటాలో తన పేరు తీసెయ్యమని చెప్పొచ్చానంటూ టీ ఇచ్చింది. వాళ్ల పాప స్కూల్ యూనిఫాం స్వెట్టర్ వేసుకునే తిరుగుతోంది, సెలవు రోజైనా విప్పనంటోందట. టీ తాగేసి, అట్టపెట్టెలకు టేపు వేసే పనిలో పడ్డాను.

బస్ స్టాప్ దాకా వచ్చాడు. దూరంగా బస్సు కనపడ్డాక అన్నాడు.

"ఎవరు చెప్తే రాసినావని గట్టిగానే అడిగినారు. నీ పేరు యాడా ఎత్తలేదులే అన్నా. ఒకరి పర్మిట్ పోతే చాల్లే."

ఒక్క మాట, నేను ఫోన్ చేస్తాను అనే మాట, అప్పుడైనా అనాల్సింది. బస్సెక్కి కూర్చున్నాను. సిగ్గుతో వెనక్కి కూడా చూడలేకపోయాను.

సోమవారం ఆఫీసులో ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడది ఒక్క ఫైలునే నమ్మదు, మెషీన్‌లో ఉన్న మిగతా గుర్తులు కూడా చూస్తుంది, రెండూ పొసగకపోతే ఆగి మనిషిని అడుగుతుంది. ఈ ఫైలును ఎవరైనా రాసి ఉండొచ్చు, నమ్మవద్దు అని పైన ఒక గమనిక కూడా పెట్టాను. బాగా ఆలోచించావని మా మేనేజర్ మెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ పని అయిపోయింది. ఆ తర్వాత ఫోన్ నా ముందే ఉంది. సాయంత్రం దాకా ఉంది. నేను చెయ్యలేదు.