మా ఆవిడ ఎడమ చెయ్యి

మొన్న ఆదివారం మేం ఉంటున్న ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి కూరగాయల సంతలో బెండకాయలు ఏరుకుంటూ ఉంటే, నా ఈడు పెద్దమనిషి ఒకాయన ఎదురై, నమస్కారమైనా పెట్టకుండా చేతిలోని ఫోను నా కళ్ల ముందు పెట్టారు. అందులో మా మనవడు టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. వాడు జీతానికి బేస్‌బాల్ ఆడతాడు, పిచర్, అంటే బంతి విసిరేవాడు. ఈ మధ్య ఆస్ట్రేలియా లీగులో ఒక జట్టు వాణ్ణి తీసుకుంది, బొమ్మ కింద ఇంగ్లీషులో ఈ పరిచయం వాళ్లే రాశారు. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. తెలుగు సిమెంటు బస్తాల మీదా, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీదా నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఇక్కడికొచ్చాక లైబ్రరీలో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాను. అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడికి ఒక లాభముంది, ఏదీ జారిపోదు. ఆ పరిచయంలో, తండ్రి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తల్లి అకౌంటెంటు, ఇంట్లో ఆటల నేపథ్యం ఏమీ లేదు, బంతి విసిరే ఆ ఎడమ చెయ్యి పుట్టుకతో వచ్చిన వరం అని ఉంది. వరమట! ఒళ్లు మండింది. బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

ఆ చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఆవిడా నేనూ పెళ్లయిన ఏడాదే పాలమూరు వదిలి హైదరాబాదు చేరి, మేడలు కట్టే చోట జోడీగా కూలికి కుదిరాం. మేస్త్రి నన్ను పరంజా మీదికి ఎక్కించేవాడు, ఆమె కింద ఇటుకల కుప్ప దగ్గర ఉండేది. మిగతా ఆడవాళ్లు తట్టల్లో మోసుకుంటూ మెట్లెక్కుతుంటే, ఈమె నడుం దగ్గర కొంగు దోపి, ఎడమ చేత్తో ఇటుక పైకి విసిరేది. అది తిరగకుండా, వంకర పోకుండా పైకి వచ్చి సరిగ్గా నా ముందు ఒక్క క్షణం ఆగేది, నేను అందుకుని పక్కన పేర్చేవాణ్ణి. ఎండలో అలా పొద్దంతా ఆమె విసురుతుంటే నేను పట్టేవాణ్ణి. మాట్లాడుకున్నది తక్కువ, అయినా ఆ రోజుల్లో ఆమె నాకు అర్థమైనంతగా తరువాత ఎప్పుడూ కాలేదేమో అనిపిస్తుంది. ఒకసారి ఇల్లు కట్టించే ఆసామి వచ్చి చూసి, పుర్రచేత్తో ఎక్కించిన ఇటుక తన ఇంటికి కలిసిరాదని గొడవ చేశాడు. మేస్త్రి ఆమె నెత్తిన తట్ట పెట్టించి, ఆయన కారు మలుపు తిరగగానే దించేయమన్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచే ఉందని విన్నాను.

అంత పనిచేసే ఆ చేత్తో ఆమె ముద్ద మాత్రం తినేది కాదు. చిన్నప్పుడు అన్నం ముందు కూర్చోగానే వాళ్లమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి నడుముకు కట్టేసేదట. అలా కుడి చేత్తో తినడం వచ్చింది, పసుపూ కుంకుమా అందుకోవడం వచ్చింది, నలుగురిలో ఎడమ చెయ్యి కొంగు కింద దాచుకోవడమూ వచ్చింది.

తరువాత నేను మేస్త్రినయ్యాను, అబ్బాయి చదువుకుని ఇక్కడ సెటిల్ అయ్యాడు, మేమూ వచ్చాం. మనవడికి ఊహ వచ్చేసరికే తెలిసిపోయింది, చెంచా అయినా బొమ్మకారైనా వాడు విసిరితే ఎడమ చేత్తోనే. ఒక పూజలో వాడు ఆ చెయ్యే చాపి ప్రసాదం అడిగితే ఆంటీలంతా నవ్వారు. మా కోడలు చెడ్డది కాదు, ఆ నవ్వు తట్టుకోలేకపోయింది. మరుసటి రోజు నుంచి అన్నం వేళకు వాడి ఎడమ చేతికి ఊలు తొడుగు వేసి, మణికట్టు దగ్గర రిబ్బనుతో ముడివేసేది. వాడు ఏడుస్తూ తినేవాడు, తినడం తగ్గించాడు, చివరికి ఆ చేత్తో బొమ్మలు గీయడం కూడా మానేశాడు. మా ఆవిడ ఒకరోజు ఆ ముడి విప్పింది. కోడలు మళ్లీ వేసింది.

"నలుగుట్ల బాగుండదు అత్తమ్మా. రేపు బడిల గూడ నవ్వుతరు."

"నా చెయ్యి గిట్లనే కట్టిన్రు బిడ్డా. వాని చెయ్యి కట్టకు."

నీకెందుకమ్మా అని మా అబ్బాయి అడ్డొచ్చాడు. కొడుకింట్లో ఏనాడూ గొంతు పెంచని మనిషి, లేచి వంటింట్లోకి పోయింది. ఆ వారం ఇంట్లో వ్రతం, భోజనాలకు అదే ఆంటీలు. అందరి నడుమా కూర్చుని, విస్తట్లో పప్పు వడ్డించాక, మా ఆవిడ కొంగు కింద నుంచి ఎడమ చెయ్యి తీసి అన్నం కలిపింది. ఇటుకను నా ముందుకు గురి తప్పకుండా పంపిన చెయ్యి, ముద్దను నోటిదాకా తీసుకుపోలేకపోయింది. మెతుకులు చీర మీద పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఆమె తల దించలేదు, కుడి చెయ్యి వాడలేదు, విస్తరి ఖాళీ అయ్యేదాకా తిన్నది. మా కోడలు మంచినీళ్ల జగ్గు కింద పెట్టి వెళ్లి, పిల్లవాడి చేతి ముడి తానే విప్పింది. అప్పటినుంచి పోయేదాకా మా ఆవిడ వాడి పక్కన కూర్చుని ఎడమ చేత్తోనే తిన్నది; చివరిదాకా ఆ చేతికి అది సరిగా రాలేదు.

వాడు బడిలో బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టి, తరువాత ఊరికి ఉత్తరాన ఆల్బనీ వైపు మైదానాల్లో బేస్‌బాల్ పట్టుకున్నాడు. మనవాళ్లంతా క్రికెట్ ఎందుకు కాదని అడిగేవారు. ఎడమచేతి పిచర్లు అరుదట, అందుకే వాడికి అంత గిరాకీ.

ఆ పరిచయంలో మీ అమ్మ ఊసే లేదేమని మా అబ్బాయిని నిలదీశాను.

"వాళ్లు ఆటల గురించి అడిగిన్రు నాన్నా, ఇటుకల గురించి కాదు," అన్నాడు, కంప్యూటరు మీంచి కళ్లు ఎత్తకుండా.

అందుకని మనవడికే ఫోను చేసి మొత్తం చెప్పాను. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. నానమ్మ పక్కన ఎప్పుడూ అన్నం మెతుకులు పడి ఉండేవని, అదొక్కటే తనకు గుర్తని, వయసు వల్ల చెయ్యి వణుకుతుందనుకున్నానని మెల్లగా చెప్పాడు. ఆమెదీ ఎడమచేతి వాటమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఇక్కడి మన పిల్లలు ఏ చేత్తో రాసినా, తిన్నా, ప్రసాదం పట్టినా అడిగేవాళ్లు లేరు. పుర్రచెయ్యి అన్న మాటే ఈ ఇళ్లలో వినపడదు. మంచిదే, ఆ మాట పోవాలని మా ఆవిడ కోరుకున్నదే. కాకపోతే అది దానంతటదే పోయిందని అందరూ అనుకుంటున్నారు.